టీవీలో కనబడ్డ వేలు

ఛానెల్ వాళ్ళు వచ్చిన రోజున బైండరమ్మ చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది. పాత రికార్డుల ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా చిరిగిన పుస్తకాలు కుట్టి, జిగురు పూసి అట్టలు వేసే మనిషి. గోళ్ళ సందుల్లో జిగురు ఓ పట్టాన వదలదు. అయినా కడుక్కుంది. చూపించబోయేది వాళ్ళ నాన్న రాసిన గేటు పుస్తకం మరి.

నాన్న పాత వంతెన దగ్గర కాపలాదారు. వంతెన కూలి పదిహేడు మంది పోయిన రోజు, గేటు పుస్తకంలో ఆయన చేతిరాత ఇలా ఉంది: "వంతెన ఊగుతోందని మూడుంబావుకి గేటు మూశాను. తెరవమని పై ఆఫీసు నుంచి ఫోన్. తెరవలేదు. వాళ్ళే మనుషుల్ని పంపి తాళం పగలగొట్టించారు." ఊడిపోయిన ఆ పేజీకి పల్చటి కాగితం అతికించి నిలబెట్టింది కూతురే. గేటు మూయలేదని నాన్న మీద ఊరంతా వేసిన నింద ఇన్నాళ్ళకు తొలగిపోతుందని ఆమె ఆశ.

"మేడమ్, ఆ లైను మీద వేలు పెట్టి మెల్లగా జరపండి. అద్భుతం!" అన్నాడు కెమెరా అతను. నాలుగుసార్లు జరిపించాడు.

ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారు. తెర మీద ఆమె వేలు కదులుతోంది. అక్షరాలు మాత్రం మసక. వెనకనుంచి ఓ గంభీరమైన గొంతు: "తాగి పడుకున్న కాపలాదారు గేటు మూయడం మరిచిపోయాడు. ఇదిగో సాక్ష్యం!" ఆపైన ఎవడో నటుడు సీసా పట్టుకుని తూలాడు. నాన్న జన్మలో చుక్క ముట్టిన మనిషి కాదు.

ఛీ! వీళ్ళ చరిత్ర తగలెయ్య! అబద్ధమే చెప్పుకోదలిస్తే చెప్పుకోవచ్చు గదా, దానికి కన్నకూతురి వేలే కావాలా? ఆమె కంచం పక్కకు నెట్టేసింది.

మర్నాడు ఫోన్ చేస్తే ఛానెలాయన తాపీగా అన్నాడు: "ఉన్నది ఉన్నట్టు చెబితే ఎవరు చూస్తారమ్మా? మీ చేతులు మాత్రం భలే వచ్చాయి."

వారం తిరక్కుండానే కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే లెక్చరరమ్మ ఆఫీసుకు వచ్చింది. బైండరమ్మ కంటే బాగా చిన్నది. బైండరమ్మ ఆశగా పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ అట్ట కూడా తిప్పలేదు.

"చదవక్కర్లేదండీ, టీవీలో చూశాగా. మా స్టూడెంట్లకి చూపించడానికి, మీరు వేలు పెట్టిన ఫోటో ఒక్కటి తీసుకుంటాను."

బైండరమ్మ పేజీ తెరిచింది. లెక్చరరమ్మ మణికట్టు పట్టుకుని, ఆవిడ వేలినే ఆ వాక్యం మీద ఆనించింది.

"నా వేలు చూసింది చాల్లేమ్మా. నీ వేలు పెట్టు. పైకి చదువు."

ఆవిడ చదివింది. "తెరవలేదు" దగ్గరికొచ్చేసరికి, ఫోటో కోసం తీసిన ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

"మళ్ళీ చదువు," అంది బైండరమ్మ, చెయ్యి వదలకుండా.