పసుపు సంచీ, పదిహేనుమంది గడియారాలూ

తాయ్‌లాండు అనగానే మా కోవిల్‌పట్టి మగవాళ్లు ఒక రకంగా నవ్వుతారు. ఆ నవ్వు చూసి ఒళ్లు మండి, మొగుణ్ణి కాపలా కాయడానికే నేను ఆ టూరుకు బయలుదేరానని మా వీధి వీధంతా అనుకుంది. అనుకోనీ. అసలు సంగతి నాకు తెలుసు. నాకు సముద్రంలో ఈదాలని ఉండింది. అంతకు మించి ఏమీ లేదు.

రెండువేల ఆరో ఏడో అయి ఉంటుంది. అరవదేశంలో తెలుగు ఇల్లు మాది, బస్టాండు వెనక వీధిలో సిమెంటు అంగడి. ఆ సంవత్సరం మూటలు బాగా అమ్మామని కంపెనీవాళ్లు మా ఆయనకు తాయ్‌లాండు టూరు ఇచ్చారు, ఇద్దరికి టికెట్లు. మా ఊళ్లోనూ విరుదునగరంలోనూ కలిపి ఇంకో ఏడుగురు డీలర్లకు కూడా వచ్చింది. వాళ్లంతా రెండో టికెట్టు మీద బావమరిదినో స్నేహితుణ్ణో ఎక్కించుకున్నారు. పెళ్లాం పేరు రాయించిన మగాడు ఒక్కడు లేడు. మా ఆయన కూడా నా తమ్ముడి పేరే అనుకుని ఉన్నాడు. అన్నం వడ్డిస్తూ అడిగాను.

"రెండో టికెట్టు ఎవురికి?"

"నీ తమ్మునికే. వాడు శానా ఆసపడతాండాడు."

"వాని ఆస ఉండనీండి. ఇరవై ఏండ్లుగా మీకు వండి పోస్తాండేది వాడా, నేనా?"

ముద్ద నోటి దాకా పోయి ఆగింది. "ఆడ అందరూ మొగోళ్లే ఉంటారే..."

"ఉంటే? నేనేమి వాళ్లను కరస్తానా?"

అంతలో బయటి నుంచి ఎవరో "అన్నాచ్చీ, రెండు మూటలు!" అని కేకేశారు. "ఇదో వస్తి" అంటూ ఎంగిలి చేత్తోనే లేచిపోయాడు.

ఆయన గుణమే అది. మంచివాడు, నన్ను ఒక్కనాడు గట్టిగా ఒక మాట అనలేదు. కానీ ఎవరైనా పిలిస్తే "కాస్త ఉండు" అనడం ఆయన నాలుకకు రాదు. పెద్దబిడ్డ పుట్టినప్పుడు ఆస్పత్రిలో బిడ్డను చేతికిచ్చాను. ముక్కు ఎవరిది, చెవి ఎవరిది అని చెప్పబోతున్నాను, వాకిట్లో ఒక మేస్త్రీ తొంగిచూశాడు. బిడ్డను మా అమ్మ ఒళ్లో పెట్టి పోయాడు మహానుభావుడు. ఇరవై ఏళ్లలో నేను ఆయనకు చెప్పడం మొదలుపెట్టిన మాటల్లో సగం ఇంకా సగంలోనే ఉన్నాయి.

ఆ సగంలో ఆగిన మాటల్లో ఈత సంగతి ఒకటి.

నేను పుట్టింది నాగలాపురం పక్క. నల్లరేగడి. వానొస్తే పంట, లేకుంటే తంట. మాకు ఒక తోట, అందులో ఒక బావి. దీపావళి వచ్చే ఐప్పసి, కార్తీక మాసాల వానలకు అది సగం నిండిందా, మాకు పండగే. మా నాన్న నా నడుముకు చాంతాడు కట్టి, వీపుకు ఎండిన సొరబుర్ర కట్టి లోపలికి దించేవాడు. గట్టు మీద గొంతుక్కూర్చుని, "కాలు ఆడించు పాపా, కాలు!" అని అరిచేవాడు. వారంలో సొరబుర్ర పోయింది, ఇంకో వారంలో తాడు పోయింది. పావడా గాలికి ఉబ్బితే దాని మీద కూర్చున్నట్టు తేలేదాన్ని. మెట్టు మీంచి దూకి, అడుగున మట్టి పిడికిట్లో పట్టుకొచ్చి, పైకి లేచి "ఓ..." అని అరవడం మా పిల్లల పందెం. ఆ పందెంలో మగపిల్లలు కూడా నా ముందు దిగదుడుపే.

పదమూడో ఏట పెద్దమనిషినయ్యాను. "ఇంక బావి పక్కకు పోబోకు" అంది అమ్మ. అంతే, అయిపోయింది. తరువాత పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు మా అమ్మ నా విద్యలన్నీ ఏకరువు పెట్టింది. వంట వచ్చు, ముగ్గు వచ్చు, కుట్టు వచ్చు. ఈత సంగతి చెప్పబోతే పైట చాటున తొడ మీద గిల్లింది. మొగరాయుడనుకుంటారట. ఆ గిల్లుడు నాకు ఇరవై ఏళ్లు గుర్తుంది.

సరే, ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. రెండో టికెట్టు నాదే అయింది. మా ఆయన ఒక్క మాటే అడిగాడు.

"వస్తే రా. ఆడ అందురి ముందర మాత్రం నా పరువు తీయబోకు."

సరేనన్నాను. అని, కూతురికని చెప్పి బజారులో ఒక ముదురు నీలం చుడీదారు నా కొలతకు కొన్నాను. నీళ్లలో దిగితే చీర కాళ్లకు చుట్టుకుంటుంది కదా. నలభై ఏళ్ల వయసులో నా ఒంటి మీదికి మొదటి చుడీదారు. పరువు తీయకుండా ఈదడం ఎట్లాగో దారిలో ఆలోచించుకుందాం అనుకున్నాను. విమానం దిగినా తోచలేదు.

ఫుకెట్‌లో రెండో రోజు దీవుల టూరు. పొద్దున్నే రేవుకు తీసుకుపోయారు. పడవ ఎక్కేముందు అందరి చెప్పులూ ఒక గంపలో వేయించుకున్నారు. పదిహేను జతల మగచెప్పుల మీద నా హవాయి చెప్పులు. చుడీదారు చూసి మా ఆయన "ఇదేమి వేసమే?" అని గొణిగాడు. నేను చున్నీని రెండు భుజాలకూ పిన్నీసులతో బిగించుకున్నాను.

మాతో వచ్చినవాళ్లలో ఇంట్లో మన తెలుగు మాట్లాడేది విరుదునగరం అన్న ఒక్కడే. అరవై దాటిన మనిషి, పెద్ద అంగడి, అంతకంటే పెద్ద గొంతు. నా ఎదురుగా కూర్చుని, "ఏమ్మా, మొగుణ్ణి కావలి కాసేదానికి వస్తివా?" అన్నాడు. "ఆయన్ను ఎవురెత్తకపోతారన్నా. మీరు జాగర్త" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. మా ఆయన మాత్రం సముద్రాన్ని చూస్తూ ఇనప కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆయనకు మోకాలు దాటిన నీళ్లంటే భయం.

మూడు ఇంజన్లు ఒక్కసారి గర్జించేసరికి పడవ ముక్కు పైకెత్తింది. అమ్మో, ఆ ఎగరడం! సాత్తూరు గుంతల రోడ్డులో బస్సు వెనక సీటు ప్రయాణం దాని ముందు ఉయ్యాల. విరుదునగరం అన్న గొంతు పావుగంటలో పడిపోయింది. నా సంచిలోని నిమ్మకాయ కోసి ఆయనకు వాసన చూపించాను.

మొదట ఆగినచోట దీవి పెద్ద రాతిగోడలా నిలబడి ఉంది, దాని కింద నీళ్లు. ఆ రంగుకు నా దగ్గర మాట లేదు. అడుగున ఇసుక మీద మా పడవ నీడ కనిపిస్తోంది. పసుపు మీద నల్లచారల చేపలు నిచ్చెన దగ్గరికే వచ్చి తిరుగుతున్నాయి. పడవలో ఉన్న గైడు పిల్ల, మా పెద్దకూతురి ఈడుది, అందరికీ నారింజరంగు జాకెట్లు తొడిగి నా దగ్గరికొచ్చింది. "మామా, యూ స్విమ్?" అని చేతులాడించి చూపించింది. మామా అంటే ఆ పిల్ల లెక్కలో అమ్మా అని.

పదిహేనుమందీ నావైపు చూశారు. మా ఆయన కూడా చూశాడు. ఆ చూపు నాకు తెలుసు.

"నో" అన్నాను.

అప్పుడు మొదలైంది. "వదినా, ఈ గడియారం కాస్త పట్టుకోండి." "అక్కా, ఈ చెయిను." ఉంగరాలు, పర్సులు, కళ్లద్దాలు, సెల్‌ఫోన్లు. పులిహోర పొట్లాలు తెచ్చిన పసుపు గుడ్డసంచిలో అన్నీ పోశారు. చివరికి విరుదునగరం అన్న అటూ ఇటూ చూసి, వెనక్కు తిరిగి, పెట్టుడు పళ్ల సెట్టు తీసి చేతిగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. నీళ్లలో ఊపిరి పీల్చుకోవడానికి వాళ్లిచ్చిన గొట్టం నోట్లో పెట్టుకుంటే పళ్లు సముద్రం పాలవుతాయని భయమట. "బద్రమమ్మా" అన్నాడు బోసినోటితో.

వాళ్లంతా నీళ్లలో పడ్డారు. ఈత వచ్చినవాడు ఒక్కడు లేడు. జాకెట్లతో, వాగులో కొట్టుకొచ్చిన గుమ్మడికాయల్లా ఒకరికొకరు తగులుకుంటూ కేకలు. మా ఆయన కూడా నిచ్చెన పట్టుకుని నడుము దాకా దిగి, గట్టిగా కళ్లు మూసుకుని, ఎక్కేశాడు. ఈత వచ్చిన ఒకే ఒక్క మనిషిని నేను, పదిహేనుమంది గడియారాలు ఒళ్లో పెట్టుకుని పడవలో కూర్చున్నాను. సంచి విడిచి లేవడానికి లేదు. ఎంత కోపం వచ్చిందంటే, ఆ సంచి ఎత్తి చేపలకు వేసేద్దామనిపించింది. పళ్లతో సహా.

మధ్యాహ్నం ఒక దీవిలో అన్నాలు. నేను తెచ్చిన పులిహోర, కోవిల్‌పట్టి వేరుశెనగ మిఠాయి నిమిషంలో అయిపోయాయి. "వదిన వచ్చింది మంచిదయింది" అన్నారు. నేను సముద్రం వైపే చూస్తూ కూర్చున్నాను. ఇంకొక్కచోట ఆగుతుంది పడవ, ఆ తరువాత రేవు, రేపు విమానం, ఎల్లుండి సిమెంటు. మళ్లీ ఈ జన్మలో నేనెక్కడ, సముద్రమెక్కడ?

చివరి దీవి చిన్నది. ఇంజన్లు ఆపేశారు. నీళ్లు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. అలవాటుగా మళ్లీ గడియారాలన్నీ సంచిలోకి, పళ్లు చేతిగుడ్డలోకి వచ్చాయి. గుమ్మడికాయలు మళ్లీ నీళ్లలో పడ్డాయి. గైడు పిల్ల పాపం ఊరికే మర్యాదకు అడిగింది. "మామా, స్విమ్?"

"యెస్" అన్నాను.

పడవలోనే ఉండిపోయిన మా ఆయన తిరిగి చూశాడు. "ఏమి యెస్సు?"

"నాకు ఈత వచ్చు."

"నీకా?"

"మా తోట బాయిలో నేర్చుకుంటి. పెండ్లికి ముందరే."

ఆయన ముఖం ఎట్లా అయిందో నేను చెప్పలేను. కోపం కాదు. అంగడిలో మూట విప్పితే సిమెంటు బదులు ఇంకేదో ఉన్నట్టు చూశాడు. "ఇరవై ఏండ్లుగా నాకు ఒక మాట చెప్పలేదే" అన్నాడు, చాలా మెల్లగా.

"చెప్పేదానికి మొదులు పెడితే ఎవురో ఒగరు వచ్చి మూట అడిగేవాళ్లు. మీరు లేచి పోయేవాళ్లు" అన్నాను. అనేశాక అయ్యో అనిపించింది. ఆయన నీళ్లలో ఉన్న మగవాళ్లను చూశాడు, నన్ను చూశాడు. పరువు అనే మాట ఇప్పుడు వస్తుంది అనుకున్నాను. ఒకవేళ వద్దంటే, నేను దిగేదాన్ని కాదు. ఇది నిజం. ఎంత నోరున్నా, అంతమందిలో ఆయన మాట తీసేసి దూకే ధైర్యం నాకు లేదు.

ఆయన చెయ్యి చాపి నా ఒళ్లోంచి పసుపు సంచి తీసుకున్నాడు.

గైడు పిల్ల జాకెట్టు తెస్తుంటే వద్దన్నాను. నిచ్చెన కూడా వద్దనుకున్నాను. పడవ అంచు మీద నిలబడి ముక్కు మూసుకుని దూకేశాను.

మొదట భయమే వేసింది. ఇరవై ఏడేళ్లయింది మరి. నీళ్లు గొంతులోకి పోయాయి, ఛీ, ఎంత ఉప్పు! ఒక్క క్షణం చేతులు ఏం చేయాలో మరిచిపోయాయి. కాలు ఆడించు పాపా, కాలు. కాళ్లకు గుర్తుంది. ఆడించాయి. మా బావిలో నాలుగు బారలు వేస్తే గోడ తగిలేది, ఇక్కడ ఎన్ని వేసినా గోడ లేదు. లోపలికి మునిగి అడుగుదాకా పోయి పిడికెడు ఇసుక పట్టుకుని పైకి లేచాను. లేచి, "ఓ..." అని అరిచాను. నలభై ఏళ్లదాన్ని, ఇద్దరు బిడ్డల తల్లిని, గొంతు చించుకుని అరిచాను. ఎంత సంతోషంగా ఉండిందో! మా నాన్న ఉంటే బాగుండు అనిపించి ఏడుపు కూడా వచ్చింది. ఏడుస్తూనే ఈదాను.

గుమ్మడికాయలు కేకలు ఆపేశాయి. జాకెట్ల మధ్య తలలు మాత్రం నావైపు తిరుగుతున్నాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వినా నేను పట్టించుకునేదాన్ని కాదు.

అలసట వచ్చి పడవ వైపు తిరిగాను. అప్పటికి గైడు పిల్ల అనాసపండు ముక్కలు పళ్లెంలో పెట్టి పిలుస్తోంది. విరుదునగరం అన్న అందరికంటే ముందు పడవెక్కి, నీళ్లు కారుతూ, మా ఆయన ముందు బోసినోటితో చెయ్యి చాపి నిలబడ్డాడు. ఇంజన్లు లేని ఆ నిశ్శబ్దంలో ప్రతి మాటా నీళ్ల మీదుగా నాకు వినిపించింది.

"తమ్ముడూ, నా పండ్లు ఇయ్యి."

మా ఆయన పసుపు సంచిని రొమ్ముకు అదుముకుని పడవ అంచున నిలబడి ఉన్నాడు. నీళ్లంటే భయపడే మనిషి, కడ్డీ కూడా పట్టుకోలేదు. తల తిప్పలేదు.

"కాస్త ఉండన్నా."

"ఏమప్పా, ముక్కలు అయిపోతాయి..."

"ఉండమంటి గదన్నా! మా ఇంటామె ఈదుతా ఉండాది. నేను చూస్తాండా."

పడవ ఇంకా నాలుగు బారల దూరంలో ఉంది. నేను వెనక్కి తిరిగి ఇంకో చుట్టు ఈదాను.