ఆమె ఎడమ చేతికి కోటు

వనపర్తి దవాఖానల డయాలసిస్ వార్డు బయట కూసునేటోళ్లు, బండి మీద వచ్చేటప్పుడు ఏం తొడుక్కోవాల్నో నన్నే అడుగుతరు. రైన్‌కోటు ఏది మంచిది, ఎండకు హెల్మెటు లోపల ఏం కట్టుకోవాలె, మంచుకు ఏ జాకెట్టు ఆగుతది, అన్నీ నన్నే. మూడేండ్ల సంది వారానికి రెండుసార్లు మా ఆమెను ఎన్క కూసోబెట్టుకొని గద్వాల నుంచి బండి మీద వస్తున్న గదా, ఈనకు తెలిసుంటది అనుకుంటరు. తెలుసు. ఎట్ల తెలిసిందో మాత్రం రెండేండ్ల దాంక ఎవ్వరికి చెప్పలే.

మేం మగ్గం మీద బతికేటోళ్లం. గద్వాల చీర నడుమ నూలు, అంచు పట్టు. ఆ రెండింటిని ఒకదాన్నొకటి పట్టుకునేటట్టు నెయ్యాల్నంటే మగ్గం కాడ ఇద్దరు కూసోవాలె. నా పక్కన మా ఆమె కూసుంటుండె. నేను జర కోపిష్టోన్ని. పోగు తెగితే మగ్గాన్ని తిడత, నూలు అమ్మినోన్ని తిడత, ఎవరు దొరకకపోతే నన్ను నేను తిట్టుకుంట. ఆమె తెగిన పోగు దొరకబట్టి, వేళ్లకు బూడిద రాసుకొని, మెలేసి అతుకు పెట్టి "ఇగ నడిపియ్" అంటుండె. ముప్పై ఏండ్లల్ల ఆమె పెట్టిన అతుకు ఒక్కటి ఊడంగ నేను చూడలే.

గసుంటి ఆమెకు కిడ్నీలు రెండూ పాడైనయన్నరు. పట్నంల డాక్టర్లు ఎడమ చేతి మణికట్టు కాడ రెండు నరాలు కలిపి కుట్టిండ్రు. ఫిస్టులా అంటరు దాన్ని. గట్ల కలిపితే పై నరం లావైతది, దానికి సూదులు గుచ్చి రక్తాన్ని మెషీన్లకు పంపి కడుగుతరు. మా ఆమె ఆ కుట్టు చూసుకొని "మనం అతుకు పెట్టినట్టే పెట్టిండ్రయ్యా" అన్నది. దాని మీద చెయ్యి పెడితే లోపల జుమ్ముమని కదులుతుండె. ఆ జుమ్ము ఉన్నన్ని రోజులు చెయ్యి పనిజేస్తున్నట్టు. అది ఆగిందంటే కథ మళ్ల మొదటికే. నర్సమ్మ మమ్మల్ని కూసోబెట్టి అన్నీ చెప్పింది. ఆ చేతికి గాజులొద్దు, గడియారమొద్దు, రవిక చెయ్యి బిగుతుండొద్దు, బరువెత్తొద్దు, ఆ చెయ్యి కింద ఏసుకొని పండొద్దు. పొద్దున లేస్తనే పట్టి చూసుకోవాలె. ఆ పట్టి చూసే పని నేను తీసుకున్న. మొకం కడగకముందే ఆమె చెయ్యి పట్టుకుంటుంటి. జుమ్ము తగిలితే నాకు ఆ రోజుకు భయం పోతుండె.

మాకు బెడ్డు దొరికింది వనపర్తిల. బస్సులున్నయి గదా అంటరు. ఉన్నయి. కాని పొద్దుగాల ఏడింటికల్ల ఆమె మెషీన్ కాడ ఉండాలె. ఆలస్యమైతే మన బెడ్డు ఇంకొకరికి ఇస్తరు, మనం ఎప్పుడు ఖాళీ అయితదా అని కూసోవాలె. కిడ్నీలు పనిజెయ్యక నీళ్లు పట్టిన ఒంటితోని బస్టాండుల నిలబడుడు ఆమెతోని కాదు. అందుకే బండి.

మొదలు వచ్చింది ఎండకాలం. పొద్దుగాల పోవుడు బాగనే ఉంటుండె. తిరిగి వచ్చేటప్పుడే నరకం. మెషీన్ మీదికెల్లి దిగేసరికి పన్నెండు దాటుతుండె, తారు రోడ్డు మీంచి సెగ మొకానికి కొడుతుండె. నాకు దూపైతే సీసా ఎత్తుకొని తాగుత. ఆమెను రోజంత కలిపి రెండు గ్లాసుల నీళ్లే తాగాల్నన్నరు డాక్టర్లు. అందుకని ఆమెకు ఏం తొడిగినా దూప పుట్టియ్యనిది చూడాలె. దుకాణంల బండోళ్ల కోసమని పెట్టిన మెరిసే అంగీ తెచ్చిన, లోపల ఉడికిపోయింది. దాన్ని మూలకు ఇసిరేసి, మా మగ్గం మీదనే పలుచటి తెల్ల నూలుగుడ్డ నేసిన. దాంతోని వదులు చేతుల అంగీ కుట్టిపిచ్చి చీర మీద తొడిగిచ్చిన. తలకు తడి తువ్వాల, దాని మీద హెల్మెటు. హెల్మెటు పెట్టుకోనని మొదలు మస్తు కొట్లాడింది. "గట్టు ఎండల పల్లికాయ పీకినదాన్ని, నాకు ఎండ ముచ్చట చెప్తున్నవా" అంటుండె. గట్టు ఆమె తల్లిగారూరు. తడిగుడ్డ సల్లగ తగిలినంక ఊకున్నది.

వానకాలానికి నేను మొదలు కొన్నది తల మీదికెల్లి కాళ్ల దాంక గొంగడి లెక్క కప్పే రైన్‌కోటు. ఎర్రవల్లి దాటినంక గాలి కొడితే అది లేసి, దాని కొస పోయి ఎన్క చక్రంల తగులుకున్నది. బండి ఆపి చూస్తే మూరెడు గుడ్డను చక్రం మింగింది. ఇంకో రెండు చుట్లు తిరుగుతే ఆమెను కిందికి గుంజుతుండె. నాకు వచ్చిన కోపానికి దాన్ని అక్కడనే చింపి పారేసిన. వాన దంచుతున్నది, ఇద్దరం తడుస్తున్నం. "కోపంల సగం దాచుకుంటే ఇప్పుడు కప్పుకుందుము గదా" అని ఆమె నవ్వింది.

ఆ తర్వాత అంగీ, పైజామా వేరువేరుగుండేది తెచ్చిన. లారీ నడిపేటోనికి కనపడాల్నని పసుపు రంగుది తెచ్చిన. అంగీ చేతుల కొసలకు ఎలాస్టిక్ ఉండె. కత్తెర తీసుకొని ఎడమ చేతిది తీసేసిన. నీళ్లు దూరుతయి గదా అన్నది. దూరనియ్, తడిసిన చెయ్యి తుడుసుకోవచ్చు అన్న. చూడుండ్రి, వానకాలం దాంక నాకు ఆ తెలివి ఉండె.

చలికాలం జాకెట్టు నాగర్‌కర్నూలుల కొన్నం. సుట్టాల పెండ్లికి పోయినప్పుడు బస్టాండు కాడ ఒకాయన కుప్ప పోసి అమ్ముతుండె. నేను ఒక్కొక్కటి తీసి లోపలి కుట్టు తిప్పి చూస్తుంటే "బట్ట కొంటవా, పరీక్ష పెడ్తవా కాకా" అన్నడు. చీరలు నేసేటోన్ని కుట్టు చూడొద్దంటే ఎట్ల? లోపల మెత్తటి అస్తరు, పైన గాలి దూరని గుడ్డ, మెడ మీదికెల్లి గదవ దాంక జిప్పు. ఇంటికొచ్చి ఎడమ చెయ్యి కొసనున్న పట్టీ ఇప్పేసిన. మెడకు మఫ్లరు, కాళ్లకు ఉన్ని సాక్సులు. అన్నీ తొడుక్కొని "పోలీసోని లెక్కున్న" అని ఆమె అద్దం ముంగట మురిసింది.

కాని పట్టీ తీసినంక ఆ చెయ్యి మరీ వదులైంది. బండి నడుస్తుంటే గాలి అందులకెల్లి దూరి భుజం దాంక పోతుండె. బీచుపల్లి వంతెన మీద కింద కృష్ణ కనపడనంత మంచు ఉంటుండె. వనపర్తిల దిగేసరికి ఆమె వేళ్లు కట్టెల్లెక్క అయితుండె. అప్పటికింక ఆమె డయాలసిస్ లేని రోజు నా పక్కన కూసొని నేస్తనే ఉండె. వేళ్లు వంగకపోతే పోగు అతకరాదు. నాకు అదొక పరేషాన్ పట్టుకున్నది.

ఆ రోజు మేం బయలుదేరేటప్పటికే మంచు మస్తుగ కురుస్తున్నది. ఆమె బండి ఎక్కి కూసున్నది. మగ్గం కాడ ఏది వదులైనా మేం పోగుతోనే కట్టుకుంటం. వేరే ఆలోచన రాదు మాకు. నేను లోపలికి పోయి నాలుగు నూలుపోగులు పేనుకొని వచ్చి, ఆమె జాకెట్టు చెయ్యి కొసను మడిచి, మణికట్టు పైన చుట్టి కట్టిన. బిగియ్యలే. వేలు దూరేటంత సందు పెట్టిన, దూర్చి చూసిన కూడ. ముడి మాత్రం మా నేతోళ్ల ముడి, దానంతట అది వదలదు. ఆమె చెయ్యి అటిటు తిప్పి చూసుకొని "మంచిగుంది, గాలి రాదు" అన్నది.

నూలు తడిస్తే బిగుస్తది. ఇది మా వాడల చిన్నపిల్లలకు కూడ తెలుసు. ముసురు పట్టిన రోజు మగ్గం మీద పడుగు గట్టిబడితే దాన్ని వదులు చేసుకొనే నేస్తం. ముప్పై ఏండ్ల సంది ఈ చేతులతోని చేస్తున్న పని అది. ఆ మంచుల, గంటకు పైగ, ఆమె చేతి మీది పోగు తడుస్తనే ఉంటదని నా బుర్రకు తట్టలే. ఎవరన్న తెల్వనోడు చేస్తే తెల్వక చేసిండనొచ్చు. నేను నేతోన్ని.

పెబ్బేరు దాటినంక ఎన్కకెల్లి "చెయ్యి గుంజుతున్నదయ్యా" అన్నది. నా హెల్మెటు అద్దం నిండ మంచు. ముంగట లారీ ఎర్ర లైటు తప్ప ఏం కనపడుతలేదు. ఆపితే ఏడు దాటుతది. "ఇంకెంత, వచ్చినం, జర ఓపిక పట్టరాదా!" అని ఒర్రిన. అవు, ఒర్రిన. ఆమె మళ్ల ఏమనలే.

దవాఖాన ముంగట దిగి చూస్తే ముడి రాయి లెక్క ఉన్నది. గోరు దూరలే. పండ్లతోని కొరికి తెంపిన. లోపల చెయ్యి మీద చుట్టూత గుంట పడ్డది. అరచెయ్యి పెట్టి చూసిన. జుమ్ము లేదు. సలికి తెలుస్తలేదేమో అనుకున్న. రుద్దిన, నోటితోని ఊదిన, నా అంగీ లోపల పెట్టుకొని నిలబడ్డ. గుంట మాసింది, జుమ్ము మాత్రం లేదు.

లోపల టెక్నీషియన్ వేళ్లు పెట్టి చూసిండు, చెవులకు గొట్టాలు పెట్టుకొని ఇన్నడు, మళ్లోసారి ఇన్నడు. పోయి డాక్టరమ్మను పిలుసుకొచ్చిండు. "చేతికి ఏమన్న బిగుతుగ కట్టిండ్రా?" అని డాక్టరమ్మ అడిగింది. తెగిన పోగు నా జేబుల ఉన్నది. నోరు తెరిసిన. నాకంటే ముందే మా ఆమె అందుకున్నది. "లేదమ్మా, సలికి ఆ చెయ్యి కింద ఏసుకొని పన్న."

డాక్టరమ్మ మస్తు కోప్పడ్డది. ఎన్నిసార్లు చెప్పినం, ఇంత నిర్లక్ష్యమైతే ఎట్ల అని అందరి ముంగట అన్నది. మా ఆమె తల వంచుకొని అన్ని మాటలు పడ్డది. నేను పక్కన నిలబడి ఇన్న. థూ, నా బతుకు!

ఆ రోజు ఆమె మెడల గొట్టం పెట్టి రక్తం కడిగిండ్రు. పట్నం పోతే ఆ చెయ్యి ఇగ పనికి రాదని, కుడిచేతికి కొత్తగ కుట్టిండ్రు. మగ్గం కాడ ఆమె పట్టు అంచు పోగు చుట్టిన నాడెను అటునుంచి ఇటు తోలేది ఆ కుడిచేతితోనే. విసురుగ ఆడించొద్దన్నరు. ఆమె మగ్గం దిగింది. చీర ఆగింది. నేనొక్కన్నే కూసొని తువ్వాలలు నేస్తున్న. పక్కన ఆమె కూసునే జాగల ఇప్పటికి ఏ వస్తువు పెట్టలే, ఆమెనే పెట్టనియ్యదు.

ఎందుకట్ల చెప్పినవే అని ఇంటికొచ్చినంక అడిగిన. "నిన్నంటే నేను పడ. నన్నంటే పడుత" అన్నది. అంతే, మళ్ల ఆ ముచ్చట ఎత్తనియ్యలే. నిజం చెప్పాల్నంటే నేను కూడ ఎత్తలే. ఆమె కప్పిన దాని కింద నేను చల్లగ దాక్కున్న.

ఇప్పుడు జాకెట్టు కుడిచెయ్యిని మోచేతి దాంక నిలువుగ కోసిన. లోపల శాలువ ముక్కతోని ఇంకో వదులు చెయ్యి కుట్టిచ్చిన. తొవ్వల మూడు చోట్ల బండి ఆపి చెయ్యి పట్టి చూస్త. ఆలస్యమైతే అయితది, బయట కూసుంటం.

పోయిన చలికాలం ఖిల్లా ఘణపూర్ దిక్కు నుంచి ఒక జంట కొత్తగ వార్డుకు వచ్చిండ్రు. ఇద్దరు చిన్నోళ్లే. రోగం ఆ పిల్లకు. ఆమె మొగుడు నా పక్కన కూసొని "జాకెట్టు సంగతి మిమ్మల్ని అడగమన్నరు పెదనాయనా" అన్నడు. నేను చెప్పుడు మొదలువెట్టిన. గాలి దూరని గుడ్డ చూడు, జిప్పు ఎన్క ఇంకో పట్టీ ఉన్నదా చూడు, హెల్మెటు అద్దానికి లోపలి దిక్కు సబ్బు రుద్ది తుడువు, మంచు పట్టదు. గిట్ల చెప్తుంటే నా చూపు ఆ పిల్ల చెయ్యి మీద పడ్డది. స్వెటరు చెయ్యి జారకుండ, సరిగ్గ కుట్టు కాడ, జడ రిబ్బను చుట్టి కట్టి ఉన్నది.

"ఇప్పు దాన్ని! ముందుగాల ఇప్పు!" అని ఒర్రిన. బయట కూసున్నోళ్లంత తిరిగి చూసిండ్రు. ఆ పిల్ల భయపడ్డది. మా ఆమె లేసి పోయి రిబ్బను ఇప్పి, చెయ్యి పట్టి చూసి, జుమ్ము ఉన్నదన్నట్టు తల ఊపింది. ఆ పిలగాని మొకం చిన్నబోయింది. "గట్ల ఒర్రుతవేంది పెదనాయనా? సలి పెడ్తదని నేనే కట్టిన" అన్నడు.

నేనే కట్టిన. ఎంత సులువుగ అన్నడు ఆ మాట! "నేను కూడ కట్టిన బిడ్డా" అన్న. "మా ఆమె చెయ్యి పండుకుంటే పోలే. నూలుపోగుతోని నేను కట్టిన. తొవ్వల గుంజుతున్నదన్నది, నేను బండి ఆపలే." టెక్నీషియన్ తలుపు కాడ నిలబడి అంత ఇన్నడు. మా ఆమె నా దిక్కు చూడలే. నేను ఏడ్చిన, అందరి ముంగట.

తిరిగి వచ్చేటప్పుడు నేను చెయ్యి చూడనీకి బండి ఆపిన. చూసినంక కూడ ఆమె మళ్ల ఎక్కలే. "చెప్పుకున్నవు గదా, మనసు తేలికైందా?" అన్నది. లేదన్న.

"నేను ఒక్కసారే గుంజుతున్నదన్న" అన్నది. "తర్వాత వేళ్లు తిమ్మిరెక్కినయి, నాకు తెలుస్తనే ఉండె. బెడ్డు పోతదని ఊకున్న. రెండోసారి అంటే నువ్వు ఆపుతుంటివి."

పొద్దు ఎట్ల పొడుస్తదో చెప్పినంత మామూలుగ చెప్పి, బండి ఎక్కి కూసున్నది. నేను ఆపుతుంటినా? ఆ మంచుల, ఏడు కావస్తుంటే, నా కోపంతోని? ఎన్నోసార్లు నన్ను నేను అడుక్కున్న, ఆపుతుంటినో లేదో నాకైతే తెల్వదు. ఆమెకు మాత్రం అనుమానం లేదు.