తొమ్మిదికి లొంగని నెంబరు

పుంగనూరులో పెళ్లిచూపులు కాఫీ దాకా బాగానే నడిచాయి. అమ్మాయి నాకు నచ్చింది. దాచుకోవడమెందుకు, గుమ్మంలో చూసినప్పుడే నచ్చింది. వాళ్లది విత్తనాల అంగడి. మేము లేవబోతుంటే వాళ్ల అవ్వ నా ఫోన్ నెంబరు అడిగి, వేళ్ల మీద అంకెలన్నీ ఒక్క అంకె మిగిలేదాకా కూడింది.

"రెండొస్తాండాది కదప్పా. తొమ్మిది రావాల. మా ఇంట్లో బండ్లు, ఫోన్లు అన్నీ తొమ్మిదే. మార్సుకో నాయనా, సిమ్ముదేముండాది."

మా వైపు ఇది మామూలే. బండి కొనేటప్పుడు మైలేజీ అడగనివాళ్లు కూడా నెంబరు మాత్రం కూడి చూసుకుంటారు. సరే అవ్వా అని లేచి వచ్చేస్తే సరిపోయేది. కానీ నేను కుప్పంలో లెక్కల లెక్చరర్ని, పైగా నోరు ఊరుకోదు.

"కూడితే తొమ్మిదొచ్చే నెంబరు తొమ్మిదితో భాగం పోతాది అవ్వా, మూడుతోనూ పోతాది. నాది ప్రధాన సంఖ్య. ఒకటీ, అదీ తప్ప ఇంకే సంఖ్యతోనూ భాగం పోదు. కాలేజీ కంప్యూటర్లో సూసుకున్నా."

"మిషన్ ఏమన్నా సెప్తాది" అంది అవ్వ. అమ్మాయి నాన్న చూపు గోడ గడియారం మీదికి పోయింది.

మదనపల్లెలో ఇంటికొచ్చాక అమ్మ ఒకే మాట అడిగింది: "నీకు నెంబరు కావాల్నా, పాప కావాల్నా?"

పాపే కావాలి. ఆ వారంలోనే కుప్పంలో సిమ్ముల అంగడికి పోయి, కూడితే తొమ్మిదొచ్చేది ఒకటి ఏరుకున్నాను. ఆధార్ ఇస్తుండగా ఫోన్ మోగింది. ఆ అమ్మాయే.

"నెంబరు మార్సేసినారా?"

"మారస్తాండాను."

"వద్దు. అవ్వ నన్ను చేత్తో భాగించి సూడమనింది, మిషన్ వద్దంట. మూడు, ఏడు, పదకొండు, పదమూడు... అంగట్లో అట్టల మీద ఏస్తాండాను. తొంబై ఏడు దాకా అయింది. దేంతో భాగించినా ఎంతో కొంత మిగల్తానే ఉండాది. అవ్వ పక్కన కూర్చోని సూసి సూసి, గట్టిదే, ఉండనీలే అనింది."

మళ్లీ ఆమే అడిగింది.

"ఇంకా యాడిదాకా సూడాల?"

"వర్గమూలం దాకా. అంటే లక్షకు కొంచెం తక్కువ. ఆ లోపల ప్రధాన సంఖ్యలు ఇంకా వేలల్లో ఉండాయి. రోజుకొకటి ఏసినా ఇరవై ఏండ్లు దాటతాది."

"దాటనీండి. మిగతావి మనిద్దరం సేద్దాం."

సిమ్ము వద్దని చెప్పి ఆధార్ వెనక్కి తీసుకున్నాను.

ఇప్పుడు సాయంత్రం టీ తాగాక ఆమె అట్టముక్క తెచ్చుకుంటుంది. ఆమె భాగిస్తుంది, నేను సరిచూస్తాను. కంప్యూటర్ జవాబు ఎప్పుడో చెప్పేసిందని ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఇద్దరం ఎత్తం.