ఊ కొట్టనవసరం లేదు

మా మేడమ్ సోమవారం పొద్దున పోయారు. బుధవారానికల్లా మా కాలేజీ యాజమాన్యం ఆవిడకు సంతాప సభ ప్రకటించింది. సభకు వచ్చి ఫోన్‌లో హాజరు వేసుకోని విద్యార్థులకు 'ఎంగేజ్‌మెంట్' మార్కులు కోస్తామని నోటీసు కూడా అంటించింది. పోయిన మనిషికి చేసిన అవమానం ఇది. చేసింది యాజమాన్యమే, ఎవరో గుమాస్తా పొరపాటంటే నేను ఒప్పుకోను. మనుషుల్ని కూర్చోబెట్టినంత మాత్రాన వాళ్లు వింటున్నట్టు కాదని చెప్పడానికే ఆవిడ బతుకంతా ధారపోశారు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కాలేజీ చదువుల్లో విద్యార్థులు నిజంగా ఎప్పుడు లీనమవుతారు, ఎప్పుడు ఒంటిని బెంచీ మీద వదిలేసి మనసుతో వెళ్లిపోతారు అన్నది ఆవిడ పరిశోధన. తోటి లెక్చరర్లను అడిగి, వాళ్ల క్లాసుల్లో చివరి బెంచీలో కూర్చునేవారు. బయటికొచ్చాక ఏం అర్థమైందని మమ్మల్ని ఎన్నడూ అడగలేదు. "ఇయ్యాల ఏం సమజ్ కాలె?" అనేవారు. ఢిల్లీలో ఇన్నేళ్లున్నా కరీంనగర్ యాస పోలేదు.

ఆదివారాలు మునిర్కాలో ఆవిడ అద్దె గదికి తెలుగు పిల్లలం చేరేవాళ్లం. పుస్తకాలు పోను మిగిలిన చోటు మాది. ఒకసారి, తన పరిశోధనలో వాడే 'ఎంగేజ్‌మెంట్' అన్న మాటను తెలుగులో ఏమంటారని అడిగారు. విజయవాడ నుంచి వచ్చిన మా క్లాస్‌మేట్ నవ్వకుండా జవాబిచ్చాడు: "మా అక్కకు మొన్నే అయిందండి మేడమ్. స్టేజీ మీద రెండు గంటలు కూర్చోబెట్టారు. ఆ అబ్బాయితో ఒక్క ముక్క మాట్లాడనివ్వలేదు."

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వారు. "నేను ఇన్నేండ్లు రాసింది గిదే కదరా. పక్కపక్కన కూసుంటే కలిసినట్టు గాదు."

అప్పుడే ఊ సంగతి చెప్పారు. చిన్నప్పుడు నాయనమ్మ కథ చెబుతుంటే ఈవిడ నిద్రలోనే ఊ కొట్టేవారట. అది కనిపెట్టిన నాయనమ్మ ఒకరోజు కథలో రాజును చంపేసి, మరుక్షణం అతన్నే వేటకు పంపిందట. ఈవిడ దానికీ ఊ అన్నారట. "ఊ కొట్టుడు హాజరు. 'అట్లెట్ల?' అని అడుగుడే ఇనుడు," అనేవారు. క్లాసులోనూ అంతే. పాఠం మధ్యలో కావాలని ఒక తప్పు చెప్పి, బోర్డు తుడుస్తూ ఎదురుచూసేవారు. ఎవరూ అడగకపోతే ముఖం చిన్నబోయేది. మమ్మల్ని మాత్రం ఏమీ అనేవారు కాదు.

యాజమాన్యానికి కావలసింది ఆ ఉత్త 'ఊ'నే. ఎవరు బోర్డు వైపు చూస్తున్నారో లెక్కగట్టి మార్కులిచ్చే కెమెరాలు పెట్టి, ఇదంతా ఆవిడ పరిశోధన ఫలితమని బ్రోషర్‌లో అచ్చేసుకుంది. ఆవిడ వెళ్లి తన పేరు తీసేయమన్నారు. తీశారు. బ్రోషర్‌లోంచే కాదు, తర్వాతి సెమిస్టర్ టైమ్‌టేబుల్‌లోంచి కూడా. ఆవిడలాంటి గెస్ట్ లెక్చరర్‌ను తీసేయడానికి కారణం చెప్పక్కర్లేదట. అలా బయటికి పంపిన మనిషికే ఇప్పుడు దండ వేస్తారు.

అప్పుడు నేను మండిపోయి ఒక కరపత్రం రాసి తీసుకెళ్లాను. ద్రోహం, దోపిడీ, తిరుగుబాటు, అన్నీ ఉన్నాయి అందులో. ఆవిడ రెండుసార్లు చదివారు. "మంచిగ రాసినవ్. సదివినోడు ఊ అంటడు. 'అట్లెట్ల' అని అడిగేటందుకు జాగ ఏడున్నదిరా?" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ కొంచెం ఉంది.

ఈ చలికాలం ఢిల్లీ పొగ ఆవిడ ఊపిరితిత్తులను పట్టుకుంది. చివరి ఆదివారం గొంతు పెగలడం లేదు. ఆవిడ కళ్లు మూసుకుని పడుకుంటే, తిరగరాసిన కరపత్రం పక్కన కూర్చుని చదివాను. వాక్యం వాక్యానికీ ఊ అంటున్నారు. వింటున్నారో, నా కోసం అంటున్నారో తెలియలేదు. ఆవిడ నేర్పిన ఉపాయమే ఆవిడ మీద పెట్టాను. కాగితంలో లేని మాట ఒకటి కలిపి చదివాను: "కెమెరాలు వచ్చాక మా క్లాసులో అందరూ శ్రద్ధగా వింటున్నారు."

ఊ రాలేదు. కళ్లు తెరవకుండానే, ఊపిరి కూడదీసుకుని, "అట్లెట్లరా?" అన్నారు.

ఆవిడ నోట నేను విన్న చివరి మాట అదే.

వాళ్ల సభ శుక్రవారం సాయంత్రం ఐదింటికి, ఆడిటోరియంలో. మన సభ కూడా శుక్రవారం సాయంత్రం ఐదింటికే, మునిర్కాలో మేడమ్ ఉన్న ఇంటి డాబా మీద. ఇక్కడికొస్తే అక్కడ మార్కులు పోతాయి. ఆ సంగతి దాచి పిలవను. భయమున్నవాళ్లు అక్కడికే వెళ్లండి. ఆవిడ ఉంటే తప్పు పట్టేవారు కాదు. నేను పడతాను, అది వేరే సంగతి. ఇక్కడ ఎవరూ హాజరు వేయరు, ఎవరూ ఊ కొట్టనవసరం లేదు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు అడగండి.

ఇల్లు గుర్తుపట్టడం కష్టం కాదు. సందులోంచి తలెత్తితే డాబా మీద తాడుకు ఊదారంగు శాలువా ఒకటి కనబడుతుంది. మేడమ్‌ది. ఆదివారం ఇంటి ఓనరు దీదీ ఉతికి ఆరేసింది. ఇంకా తీయలేదు. ఈ పొగలో అది ఆరనే లేదు.