విండోస్ వాళ్లకు ఒక్క వాక్యం

ఆ పత్రం పద్నాలుగు పేజీలు. నేను లెక్కపెట్టాను. అందులో నా కంప్యూటరు గురించి ఉన్నది ఒక్క వాక్యం, అదీ తొమ్మిదో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో: "విండోస్ వాడేవారు ఇందుకు తగ్గట్టు మార్చుకోగలరు."

విశాఖపట్నంలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నన్ను నెల రోజులు పరీక్షగా పెట్టుకుంది. చీపురుపల్లిలో ఇంటి నుంచే పని. చివరి వారం ఆ పత్రం పంపి, ఒక పని అప్పగించారు. కంపెనీ క్లౌడ్‌లోకి వెళ్లనిచ్చే రహస్య తాళాన్ని నా కంప్యూటర్లో అమర్చుకుని, శుక్రవారం సాయంత్రంలోగా ఒక ఫైలు పైకి ఎక్కించాలి. ఎక్కితే ఉద్యోగం, లేకపోతే లేదు.

తాళమంటే రెండు వరుసల అక్షరాలూ అంకెలూ. వాటిని ఒక ఫైల్లో రాసి, 'క్రెడెన్షియల్స్' అని పేరు పెట్టి, పత్రం చెప్పిన ఫోల్డర్లో ఉంచాలి. పత్రం రాసినవాళ్లందరివీ మ్యాక్‌లు, నాది విండోస్. ఫోల్డరు ఎక్కడుందో చెప్పడానికి ఒక వంకర గీత గీశారు. అది ఇంటి గుర్తట. నా కంప్యూటర్లో ఆ ఇల్లెక్కడో వెతుక్కోవడానికే ఒక పూట పట్టింది. ఫైలును ఇతరులు చదవకుండా కాపాడే ఆదేశమొకటి ఇచ్చారు. టైపు చేస్తే, అలాంటిది తనకు తెలియదంది నా కంప్యూటరు. పెళ్లిలో మూడో బంతికి కూర్చున్నవాడికి కూర అయిపోయిందని చెప్పి, సర్దుకోమన్నట్టుంది. బొబ్బిలిలో ఒక పెళ్లిలో నాకు నిజంగానే అలా జరిగింది. వడ్డించినవాడి ముఖం ఇప్పటికీ గుర్తే.

బుధ, గురువారాలు గడిచాయి. తాళం రాసిన ఫైలు నా కళ్లెదుటే ఉంది. పైకి ఎక్కించే ప్రోగ్రాము మాత్రం తాళం కనబడలేదంటుంది.

"ఆ మేనేజరుకి ఫోను సేసి అడగొచ్చు కదా," అంది మా ఆవిడ.

"అడగను. తప్పుగా రాసింది ఆల్లు. నానెందుకడగాల?"

"అయితే అన్నవైనా తిను. సల్లారిపోతన్నాది."

శుక్రవారం మధ్యాహ్నం మా బావమరిది వచ్చాడు. స్టేషను రోడ్డులో వాడికి నెట్ సెంటరుంది.

"ఏటి బావా, కంప్యూటరుతోటి కూడా మాటల్లేవా?"

"ఒరే, ఫైలు ఇక్కడే ఉన్నాది. అది లేదంటన్నాది."

"జరుగు."

మౌస్ లాక్కుని, పైన 'వ్యూ' నొక్కి, ఒక గడిలో టిక్కు పెట్టాడు. ఫైలు పేరు వెనక చుక్క, దాని వెనక టీఎక్స్‌టీ అని మూడక్షరాల తోక బయటపడింది. నేను తాళం రాసిన నోట్‌ప్యాడ్ దాన్ని తనంతట తానే తగిలించింది. విండోస్ దాన్ని నా కంటబడకుండా దాచిపెట్టింది; ప్రోగ్రాముకు మాత్రం అది వేరే పేరు.

"మా సెంటరుకొచ్చినోలందరికీ ఇదే రోగం బావా. రోజూ తోకలు కొయ్యడమే నా పని."

తోక కోశాడు. నాలుగు గంటలకు, ఎక్కించాల్సిన ఫైలు ఎక్కింది. మరి తప్పు విండోస్‌ది కాదా అని మీరడగవచ్చు. అది ఇంటి మనిషి, దాన్ని ఇంట్లోనే తిట్టుకున్నాను.

వెంటనే మేనేజరుకు మెయిలు రాయడానికి కూర్చున్నాను. పేజీల నంబర్లతో సహా నాలుగు పేజీల ఫిర్యాదు. పంపేసరికి ఐదున్నర. పది నిమిషాల్లో ఫోనొచ్చింది.

"చదివానండీ. బాధపడకండి. మీకు ఇంకెక్కడైనా మంచి అవకాశం..."

అప్పుడు గుర్తొచ్చింది. ఫైలు ఎక్కిందన్న ముక్క నాలుగు పేజీల్లో ఎక్కడా రాయలేదు.

"ఎక్కిందండీ! నాలుగింటికే ఎక్కీసింది!" అని అరిచాను.

అవతల కాసేపు కీబోర్డు టకటక. "అవును, ఎక్కింది. మరి ఇదంతా ఎందుకు రాశారు?"

"తప్పుంది కాబట్టి."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "సరే, ఉద్యోగం మీదే. సోమవారం మొదటి పని, ఆ విండోస్ భాగమేదో మీరే రాయండి."

బొమ్మలతో, తోకతో సహా పదకొండు పేజీలు రాశాను. వాళ్లు ఒక్క పేజీకి కుదించారు. కొత్తగా చేరినవాళ్లు అది చదివి పది నిమిషాల్లో పని ముగించుకుంటున్నారు, బాగుందంటున్నారు. ఉండొచ్చు. మిగతా పది పేజీల్లో ఏ వాక్యం ఎవరు కొట్టేశారో నా దగ్గర రాసి ఉంది.