ఎండుచేపల మూటకు ఎర్ర రిబ్బన్

ఎగరాల్సిన మిలిటరీ విమానాన్ని ఎండుచేపలతో ఆపిన ఘనుడు ఎవరైనా ఉన్నాడంటే అది నేనే. తప్పు పూర్తిగా నాది. చేపల్ని ఏమీ అనకండి.

అప్పట్లో నేను పోర్ట్‌బ్లెయిర్‌లో విమాన మెకానిక్‌ని. మా బ్యారక్‌లో తెలుగు తెలిసినవాళ్లు ఇద్దరే: నేనూ, నా అద్దంలో కనిపించేవాడూ. ఆదివారమైతే ఊళ్లోనే ఉన్న డిగ్నాబాద్ పేటకి నడిచివెళ్లి, చేపలు ఎండబెట్టే నూకాలమ్మ దీదీ కాకుల్ని తిట్టే తిట్లు వింటూ కూర్చునేవాణ్ణి. తెలుగు తిట్లు! చెవుల్లో జుంటితేనె పోసినట్టుండేది. ఊళ్లో నాకు కూతురు పుట్టింది. దాని మొహం ఇంకా చూడని తండ్రిని. చివరికి సెలవు దొరికింది, మరునాడు వైజాగ్ వెళ్లే డకోటా విమానంలో నాకో సీటు కూడా.

దీదీ ఒక ఎండుచేపల మూట తెచ్చి ఇచ్చింది. "తమ్ముడా, ఇది వైజాగ్‌లో మా అమ్మకిచ్చీ. దారిలో నువ్వు తినీకు," అంది.

ఆ మూట మూతి ఎంత కట్టినా నిలవలేదు. సాయంత్రం విమానానికి తొడుగులు వేస్తున్నాను. దాని ముక్కు కింద రెండు సన్న గొట్టాలుంటాయి. వాటిలో దూరే గాలిని బట్టే పైలట్‌కి వేగం తెలుస్తుంది. కందిరీగలు గూడు పెట్టకుండా వాటికి గుడ్డ తొడుగులు వేస్తాం. తీయడం మరిచిపోకుండా ఒక్కోదానికీ మూరెడు ఎర్ర రిబ్బన్ వేలాడుతుంది. అంత మంచి రిబ్బన్ రాత్రంతా ఊరికే వేలాడడమెందుకని, ఒకటి ఊడదీసి మూటకు బిగించాను.

పొద్దున నా మనసు అప్పటికే ఊళ్లో ఉయ్యాల ఊపుతోంది. ముక్కు కిందకి చూస్తే ఒక ఎర్ర రిబ్బన్ కనిపించింది, తొడుగుతో సహా లాగేశాను. ఇంకెక్కడా ఎరుపు లేదు. ఎరుపు లేదంటే తొడుగు లేనట్టే కదా! విమానం నడిపే కెప్టెన్ కూడా ఎరుపే వెతికాడు పాపం. మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

విమానం పరుగందుకుంది. ఉన్నట్టుండి బ్రేకులు పడ్డాయి. కెప్టెన్ ముందున్న వేగం ముల్లు సున్నా దగ్గరే నిద్రపోతోందట. మూట మూతి కట్టబోయి విమానం ముక్కు మూసినట్టయింది నా పని.

అందరం దిగాం. సార్జెంట్ నిచ్చెనెక్కి రిబ్బన్ లేని తొడుగు పట్టుకొచ్చాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, చివరికి నా చంకలో గాలికి రెపరెపలాడుతున్న ఎరుపును చూశాడు.

"యే రిబ్బన్ కిస్‌కా హై?"

"మచ్ఛీ కా, సర్." చేపలది సార్, అన్నానన్నమాట.

ఎవరూ నవ్వలేదు. ఇంకాస్త ఆలస్యంగా చూసుంటే అందరం సముద్రంలో చేపల మధ్య ఉండేవాళ్లమని కెప్టెన్ మెల్లగా చెప్పాడు. తిట్టినా బాగుండేది.

బ్రేకులు పరీక్షించాక విమానం వెళ్లింది. నా సెలవు రద్దయింది. మూటను మాత్రం జనపతాడుతో కట్టించి కెప్టెన్ తనతో తీసుకెళ్లాడు. నా సీట్లో చేపలు ఊరికి బయల్దేరాయి. విమానం చుక్కై, ఆ చుక్కా పోయేదాకా చూస్తూ నిలబడ్డాను.

జరిగింది చెబితే దీదీ ముందు ఎండలో ఉన్న చేపలన్నీ తిరగేసింది. తర్వాత, "సచ్చిన సేపలు ఊరెలిపోనాయి. బతికున్నోడివి నువ్వుండిపోనావేటి," అంది.

ఆమె పాత ఎర్రచీర చింపి ఇస్తే తొడుగులన్నిటికీ బారెడు రిబ్బన్లు కుట్టాను. ఆ తర్వాత ఏ విమానమైనా, రెండు గొట్టాలనూ చేత్తో తడిమి చూశాకే వదిలాను. విమానం ఒంటిమీది నూలుపోగైనా నా మూటకు కట్టనని ఎండుచేపల సాక్షిగా ఒట్టేసుకున్నాను.

నేను ఊరు చేరేసరికి కూతురికి నడక వచ్చేసింది. పిలకకు ఎర్ర రిబ్బన్. అది ఊడితే కట్టమని మా ఆవిడ నా చేతికిచ్చింది. ఇది దేన్నుంచి ఊడదీశావని ముందు అడిగాను. ఆ తర్వాతే కట్టాను.