లాగే బండి

మా బాపు భివండిలోని కనేరిలో హాత్‌గాడీ, అంటే చేతిబండి, లాగేవాడు. సైజింగు కార్ఖానాలో నూలుకు గంజి పట్టించి ఇనుప బీములకు చుడతారు. అక్కడి నుంచి ఆ బీములను సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉండే షెడ్లకు చేర్చడం ఆయన పని. ముందు బాపు లాగితే, వెనక తెలంగాణలోని మా ఊరివాడే ఒకాయన నెట్టేవాడు. నా డిప్లొమా పూర్తయిన ఏడాది బాపుకు పొత్తికడుపు కింద పేగు జారింది. ఆపరేషన్ చేయాలనీ, చేసినా చేయకపోయినా ఇకమీదట బరువు లాగకూడదనీ డాక్టరు చెప్పాడు.

ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దామన్నాడు బాపు. దాంతో పికప్ కొనాలన్న మాట వచ్చింది. ఏది కొనాలో తేల్చే పని నా మీద పడింది. నేను చదివింది మెకానికల్ డిప్లొమా. మా గల్లీలో మాత్రం నేను ఇంజినీరునే. మొదట్లో ఒకరిద్దరిని సరిదిద్దాను. తర్వాత మానేశాను.

బాపుకు పికప్‌తో రెండు పనులున్నాయి. బీములు మోయాలి. షెడ్లు చేతులు మారినప్పుడు పాత సాంచాలను ట్రాలీ మీద ఎక్కించి వెనక కట్టుకుని లాగాలి. మోయడం వేరు, లాగడం వేరు అని ఆయనకు చెప్పాను. మోయడానికి వెనక కమాను పట్టీలు చూడాలి. లాగడానికి మొదటి గేరు బలం, క్లచ్, వెనక హుక్కును ఛాసిస్‌కు బిగించారా లేక ఊరికే బంపరుకు అతికించారా అన్నది చూడాలి. వీటన్నిటికన్నా ముందు బ్రేకులు చూడాలి.

"గవన్ని నాకెందుకురా? లాగుతదా లేదా, గది జెప్పు," అన్నాడు బాపు.

"లాగుతది బాపు. గని ఆగాలె గద."

"ఆగక యాడికి వోతది? ఈ గల్లీలల్ల ఎదురుంగొచ్చే రిక్షాలే ఆపుతయి."

అంజూర్ ఫాటా దగ్గర పాత బండ్లు అమ్మే జాగాకు ఇద్దరం వెళ్లాం. బాపు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. అమ్మేవాడు నా ఈడు మరాఠీ కుర్రాడు. బాపు అతని ముందు నిలబడి, తనకొచ్చిన హిందీలో గట్టిగా, "భాయ్, ఏక్ మజ్‌బూత్ బండీ హోనా," అన్నాడు.

కుర్రాడు ఒక క్షణం చూసి పక్కవాడి భుజం మీద కొట్టాడు. "చాచా, బండీ కపడే కీ దుకాన్ మే మిలేగీ. కాటన్ కీ లేనా, మజ్‌బూత్ రెహతీ హై!" ఇద్దరూ పగలబడి నవ్వారు. మనకు బండి అంటే బండే. వాళ్లకు బండీ అంటే చేతుల్లేని బనియను. అన్నేళ్లు భివండిలో ఉండి కూడా బాపుకు ఆ సంగతి తెలియదు. హాత్‌గాడీని ఎప్పుడూ గాడీ అనే అనేవాడు కాబట్టి అవసరం రాలేదు. ఆ రోజు కొంచెం పెద్దమనిషిగా మాట్లాడాలనుకుని ఇంటి మాట వాడాడు. వాళ్లు ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా తనూ నవ్వాడు. నేను ఒక టైరు దగ్గర వంగి, చూడనవసరం లేని గాలి పిన్నును చూస్తూ ఉండిపోయాను.

"మేరా లడ్కా ఇంజినీర్ హై, ఓ దేఖేగా," అన్నాడు బాపు.

నాలుగు బండ్లు చూశాను. ఎర్ర రంగుది నున్నగా మెరుస్తోంది కానీ కమాను పట్టీ ఒకటి విరిగితే వెల్డింగు చేశారు. మరొకదాని హుక్కు బంపరుకే ఉంది. మూడోదాని బ్రేకు ఆయిలు కారుతోంది. నాలుగోది రంగు వెలిసింది, తలుపు సరిగా పడదు. కానీ కిందికి దూరి చూస్తే ఛాసిస్ వంకర లేకుండా ఉంది, హుక్కు సరైన చోట ఉంది. దాన్నే తేల్చాను. కుర్రాడు తాళం నా వైపు విసిరాడు.

"చలాకే దేఖో, ఇంజినీర్ సాబ్."

నాకు డ్రైవింగ్ రాదు. క్లచ్ ఎలా పట్టుకుంటుందో బొమ్మ గీసి చెప్పగలను, కాలితో తొక్కింది ఎన్నడూ లేదు. బాపు నా వైపే చూస్తున్నాడు. మర మీద చదివినవాడు మర నడపలేడని ఆయనకు తోచనే లేదు. నేనూ ఎప్పుడూ చెప్పలేదు. తాళం తిరిగి ఇచ్చి, "మీరే తోలండి, నేను పక్కన కూర్చుని చప్పుడు వినాలి," అని హిందీలో అన్నాను. కుర్రాడు కనుబొమ్మలెత్తాడు. బరువున్న ట్రాలీ ఒకటి వెనక తగిలించి, ఎత్తు మీదికి తీసుకెళ్లాడు. క్లచ్ జారలేదు, కాలిన వాసన రాలేదు. దిగేటప్పుడు బ్రేకులు పట్టాయి. ఎంపికలో తప్పు లేదు.

ఫైనాన్స్ మీద కొన్నాం. అమ్మినవాళ్ల డ్రైవరే తెచ్చి మా గల్లీ మొగదల పెట్టి పోయాడు. "మా పోరడే నడుపుతడు," అని బాపు కనబడినవాళ్లందరికీ చెప్పాడు. అది విని, వెనక నెట్టే ఆయన ఒక షెడ్డులో సాంచాల మీద పనికి కుదిరిపోయాడు.

వారంలో నేర్చుకోవచ్చనుకుని డ్రైవింగ్ స్కూలుకు వెళ్లాను. అప్పటి రూలు అక్కడ చెప్పారు: ముందు మామూలు లైసెన్సు రావాలి, అది వచ్చాక ఏడాది ఆగితే గానీ సరుకు బండి నడిపే లైసెన్సు ఇవ్వరు. పట్టీలు, గేర్లు, హుక్కు, బ్రేకులు అన్నీ అడిగి తెలుసుకున్నవాడిని ఈ ఒక్కటీ అడగలేదు.

ఇంట్లో చెప్పాను. డ్రైవరును పెడితే కిస్తీ పోను ఇంటికి మిగిలేదేమీ ఉండదు. "సరె తియ్, సూద్దాం," అని బాపు, మర్నాడు పొద్దున్నే మళ్లీ హాత్‌గాడీ బయటికి తీశాడు. నెట్టేవాడు లేడు. నేను వెనక చేరాను.

బీములతో వస్తుంటే మా పికప్ పక్క నుంచే పోవాలి. దాని అద్దానికి అమ్మ కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. నీళ్ల కుళాయి దగ్గర నాకు వరుసకు అత్త అయ్యే ఆమె బిందె దించి, "ఏందే అన్నా, గాడీని పండవెట్టి నువ్వు గుంజవడ్తివి? దానికి జెరమొచ్చిందా?" అంది.

ఆడవాళ్లంతా నవ్వారు. బాపు కూడా "అవునే, జెర పానం బాగలేదు దానికి," అన్నాడు. నేను తల బీముల వెనక దాచి నెట్టాను. నెడుతున్నానో దాక్కుంటున్నానో నాకే తెలియదు.

పెద్ద రోడ్డు ఎక్కే చోట బాపు ఆగిపోయాడు. పొత్తికడుపు అదిమి పట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నాడు. ముఖమంతా చెమట. వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి. బీములు అలాగే వదిలి, ఒక ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాను. పేగు మెలిపడింది, అదే రోజు ఆపరేషన్ చేశారు.

తర్వాత డ్రైవరును పెట్టక తప్పలేదు. నిజామాబాద్ వైపు మనిషి. మొదటి రోజే ఒక షెడ్డు నుంచి సాంచాలను ట్రాలీ మీద లాగి వచ్చి, మంచంలో ఉన్న బాపుతో, "గాడీ మస్తుగున్నది కాక. ఎంత బరువున్నా ఉలుకదు, పలుకదు. ఎవలు సూసి కొన్నరు?" అన్నాడు.

"ఇంకెవలు, మా వాడే," అన్నాడు బాపు.

ఇద్దరూ నన్ను పిలిచారు. నేను లోపలి అర్రలోనే ఉన్నాను. నిద్రపోతున్నట్టు గోడ వైపు తిరిగి పడుకున్నాను.